మార్కులు మారాయి, మాట నిలిచింది

రోజర్ ఈబర్ట్ నలభై ఆరేళ్లు సినిమాలకు స్టార్లు వేశారు. వాటిలో కొన్నిటిని లోకం ఒప్పుకోలేదు, కొన్నిటిని ఆయనే దిద్దుకున్నారు. అయినా ఆయన్ని ఇంకా చదువుతూనే ఉన్నారు. ఎందుకు?

ఈ వారం ముఖచిత్ర కథనానికి ఎడిటర్ అడిగింది చిన్న పని. అమెరికా సినిమా సమీక్షకుల్లో అందరికన్నా ఎక్కువమందికి తెలిసిన రోజర్ ఈబర్ట్‌కు ఏ సినిమాలు నచ్చాయి, ఏవి నచ్చలేదు, ఓ జాబితా, పక్కన నాలుగు ఫొటోలు, గురువారానికల్లా పేజీలు సిద్ధం. జాబితాదేముంది, ఒక పూటలో తయారవుతుంది. తయారయ్యాక చూస్తేనే తల తిరుగుతుంది. నాలుగు స్టార్లకు గాను ‘డై హార్డ్’ (1988)కు రెండు. పాము మనుషుల్ని మింగే ‘అనకొండ’ (1997)కు మూడున్నర. ‘ఫైట్ క్లబ్’ (1999)కు రెండు, ‘గ్లాడియేటర్’ (2000)కు రెండు, అదే చేత్తో ‘స్పీడ్ 2’ (1997)కు మూడు. ‘ది యూజువల్ సస్పెక్ట్స్’ (1995)కు ఒకటిన్నర, బొమ్మపిల్లి ‘గార్ఫీల్డ్’ (2004)కు మూడు. ఈ పట్టికొక్కటే చేతిలో పెడితే ఈయనకు సినిమా గురించి ఏం తెలుసని ఎవరైనా అడుగుతారు. ఆ మనిషే 2012లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక లోకంలోకెల్లా గొప్ప సినిమాలు పది చెప్పమంటే ఓజు ‘టోక్యో స్టోరీ’నీ, హెర్జోగ్ ‘అగ్వీరె’నీ, బస్టర్ కీటన్ మూకీ ‘ది జనరల్’నూ చేర్చారు. అంటే తేడా ఆయన అభిరుచిలో లేదు, మనం చదివే తీరులో ఉంది. సమీక్షకుడు వేసే మార్కు సమీక్షలో అన్నిటికన్నా తక్కువ విలువైన ముక్క. ఈ మాట అనడానికి సాక్ష్యం ఈబర్టే ఇచ్చారు, ముప్పై ఏళ్ల ఎడంతో ఒకే సినిమా మీద రాసిన రెండు సమీక్షల్లో. జాబితా పక్కన పెట్టి ఈ కథనం వాటి వెంట పడింది అందుకే.

ఒకే సినిమా, రెండు వయసులు

సినిమా ‘ది గ్రాడ్యుయేట్’. దర్శకుడు మైక్ నికోల్స్, విడుదల 1967 డిసెంబరు. కాలేజీ చదువు ముగించి ఇంటికొచ్చిన బెంజమిన్‌కు ఏం చేయాలో తోచదు. తండ్రి వ్యాపార భాగస్వామి భార్య మిసెస్ రాబిన్సన్ అతన్ని వలలో వేసుకుంటుంది. తర్వాత అతను ఆమె కూతురు ఎలేన్‌నే ప్రేమిస్తాడు. చివరికి చర్చిలో ఆమె పెళ్లి అప్పుడే ముగిసిన వేళకు వెళ్లి తీసుకుపోతాడు, ఇద్దరూ బస్సెక్కేస్తారు. సినిమా వచ్చేనాటికి ఈబర్ట్‌కు ఇరవై ఐదేళ్లు, షికాగో సన్-టైమ్స్‌లో సమీక్షకుడి కుర్చీలో కూర్చుని ఇంకా ఏడాది నిండలేదు. నాలుగుకు నాలుగు స్టార్లూ ఇచ్చేశారు. ఆ ఏడు వచ్చిన అమెరికన్ హాస్యచిత్రాల్లో అంత నవ్వించింది మరోటి లేదన్నారు. వంక పెట్టింది ఒక్కచోటే: సైమన్ అండ్ గార్ఫంకెల్ పాటలు, కాలం గడిచిందని చెప్పడానికి వాడిన కెమెరా విన్యాసాలు. మరుసటి ఏడు ‘మిసెస్ రాబిన్సన్’ పాట అమెరికా చార్టుల్లో మొదటి స్థానానికెక్కి, ఆపైన గ్రామీ కూడా గెలిచింది. ఆ లెక్కన పాటల విషయంలో కుర్ర సమీక్షకుడి అంచనా తలకిందులైంది. కానీ అదే సమీక్షలో మరో చిన్న పరిశీలన ఉంది. మిసెస్ రాబిన్సన్‌గా వేసిన యాన్ బ్యాన్‌క్రాఫ్ట్‌ది చిక్కు పాత్ర అనీ, ఆమె ఆకర్షణ, గయ్యాళితనం, తనమీద తనకున్న అదుపు వల్లే ఆ వలపు వల నమ్మేలా ఉందనీ రాశారు. దీన్ని గుర్తుంచుకోవాలి.

1997లో ముప్పై ఏళ్ల సందర్భంగా సినిమా మళ్లీ థియేటర్లకు వచ్చింది. ఈబర్ట్ మళ్లీ చూసి, మళ్లీ రాశారు. ఈసారి మూడు స్టార్లు. ఆ రెండో సమీక్షలో బెంజమిన్‌ను ఆయన చీల్చి చెండాడారు. కుర్రకారంతా వాణ్ని తమ తరానికి ప్రతినిధిగా నెత్తిన పెట్టుకుంది గానీ, 1967లో వచ్చిన ఈ సినిమాలో హిప్పీలు లేరు, రాక్ సంగీతం లేదు, రాజకీయ నినాదాలు లేవు, వాడు ఒట్టి విసుగు పుట్టించే మనిషన్నారు. సినిమా మొత్తంలో తెలివి, చమత్కారం, బాధ ఉన్న మనిషి మిసెస్ రాబిన్సన్ ఒక్కతేనని తేల్చారు. ఇరవై ఐదేళ్లప్పుడు తాను బెంజమిన్ వైపు కూర్చుని చూశాననీ, ఇప్పుడు ఆమె వైపు కూర్చున్నాననీ ఆయనే ఒప్పుకున్నారు. అప్పటికి ఆయనకు యాభై నాలుగు. అసలు విశేషం తెర మీదే ఉంది: సినిమా విడుదలనాటికి ‘కుర్రాడు’ డస్టిన్ హాఫ్మన్‌కు ముప్పై, ‘పెద్దావిడ’ యాన్ బ్యాన్‌క్రాఫ్ట్‌కు ముప్పై ఆరు. ఆరేళ్ల తేడాను తరాల తేడాగా నమ్మించింది నటన, మేకప్, కెమెరా. ఇరవై ఐదేళ్ల ప్రేక్షకుడు ఆ నమ్మకంలో పడిపోతాడు, యాభై నాలుగేళ్లవాడు దాని వెనక ఉన్న ఆడమనిషిని చూస్తాడు.

ఈ రెండు సమీక్షల్నీ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు సాధారణంగా అనే మాట, ‘మనసు మార్చుకున్నాడు’ అని. జాగ్రత్తగా చూస్తే అంత మాట చెల్లదు. మిసెస్ రాబిన్సన్ సినిమాలో అందరికన్నా గట్టి మనిషన్న సంగతి 1967లోనే ఆయన కంటికి ఆనింది, కాగితం మీదా పడింది. 1997లో ఆయన కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. అప్పుడు ఓ వాక్యంలో సర్దేసినదాన్ని ఇప్పుడు సమీక్షకు నడుం చేశారు, అంతే. కన్ను చూసింది మారలేదు. దేనికి ఎంత తూకం వేయాలన్న లెక్క మారింది. స్టార్ అంటే ఆ తూకం. అందుకే అది వయసుతో, కాలంతో, చుట్టూ వీచే గాలితో కదులుతుంది. పరిశీలన మాత్రం కదలదు. పాతికేళ్ల కుర్రాడు సరిగ్గా చూసి రాసిన వాక్యం ఉండబట్టే యాభైయేళ్ల మనిషి దానితో వాదన పెట్టుకోగలిగాడు. ఉత్త నాలుగు స్టార్లే వేసి ఊరుకుని ఉంటే దిద్దుకోవడానికి కూడా ఏమీ మిగిలేది కాదు.

ఇది ఒక్క సినిమాకే జరిగిన వింత కాదు. ‘గ్రౌండ్‌హాగ్ డే’కు 1993లో మూడు స్టార్లిచ్చి, 2005లో తన ‘గొప్ప సినిమాలు’ వ్యాసమాలలో చేర్చారు. అంత సహజంగా, అలవోకగా సాగిపోవడం వల్లే దాని పనితనం మొదటిసారి పట్టుబడలేదని, తక్కువ అంచనా వేశానని చెప్పారు. ఇంకా గట్టి ఉదాహరణ ‘గాడ్‌ఫాదర్ పార్ట్ 2’. 1974లో ఆయనిచ్చింది మూడు స్టార్లు. తండ్రి వీటో బాల్యయౌవనాలకూ కొడుకు మైకేల్ వర్తమానానికీ మధ్య కథ అటూ ఇటూ ఊగడం వల్ల మైకేల్ కథ బిగి సడలిందన్నది అభ్యంతరం. ఆ మూడు స్టార్ల మీద పాఠకులు దశాబ్దాలపాటు ఆయన్ని నిలదీశారు. 2008లో సినిమాను గొప్పవాటి జాబితాలో చేర్చుకున్నారు. చేర్చుకుంటూనే, పాత సమీక్షలో ఒక్క మాటా మార్చనన్నారు. మొదటి భాగంతో కలిపి ఒకే గాథగా చూస్తే దీని స్థానం కాదనలేనిదని వాదించారు. మార్కు మారింది, మాట అలాగే ఉంది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇక ఆయన చరిత్ర, గబగబా

ఇల్లినాయ్ రాష్ట్రం అర్బానాలో 1942లో పుట్టారు. 1967 ఏప్రిల్‌లో సన్-టైమ్స్ సమీక్షకుడయ్యారు. ఆ ఏడే న్యూయార్క్ టైమ్స్ పెద్దాయన బాజ్లీ క్రౌథర్ దుమ్మెత్తిపోసిన ‘బానీ అండ్ క్లైడ్’కు నాలుగు స్టార్లిచ్చి నిలబడ్డారు. 1975లో పులిట్జర్ బహుమతి అందుకున్నారు. సినిమా సమీక్షకుడికి అది దక్కడం అదే మొదలు. అదే ఏడు పోటీ పత్రిక ట్రిబ్యూన్ సమీక్షకుడు జీన్ సిస్కెల్‌తో కలిసి టీవీకెక్కారు. బొటనవేలు పైకెత్తితే బాగుంది, కిందికి దించితే బాగోలేదు అన్న పద్ధతి ఆ ఇద్దరితోనే లోకమంతా పాకింది. 1999లో సిస్కెల్ పోయారు. 2006లో క్యాన్సర్ చికిత్సల్లో ఈబర్ట్ గొంతు పోయింది, రాత పెరిగింది. 2012 ఒక్క ఏడాదిలో 306 సమీక్షలు రాశారు. 2013 ఏప్రిల్ 4న డెబ్బై ఏళ్ల వయసులో కన్నుమూశారు.

[బాక్స్] బన్నీ గొడవ

2003 కాన్ ఉత్సవంలో విన్సెంట్ గాలో తీసిన ‘ది బ్రౌన్ బన్నీ’ చూసి, ఆ ఉత్సవ చరిత్రలోనే ఇంత చెత్త సినిమా లేదన్నారు ఈబర్ట్. గాలో ఆయన ఒళ్లు గురించి నోరు పారేసుకుని, పేగులకు రోగం రావాలని శాపనార్థాలు కూడా పెట్టారు. తన పేగు పరీక్ష వీడియో ఆ సినిమా కన్నా రంజుగా ఉంటుందని ఈబర్ట్ బదులిచ్చారు. తర్వాత గాలో సినిమాను 26 నిమిషాలు కత్తిరించారు. కొత్త కూర్పు చూసిన ఈబర్ట్ మూడు స్టార్లిచ్చారు. తిట్టిన మనిషి సినిమాకు మంచి మార్కు వేయడం గొప్పే గానీ, ఇక్కడ గమనించాల్సింది అది కాదు. ఎడిటింగ్ ఒక సినిమాను ఎంతగా మార్చగలదో చెప్పడానికి ఆయన ఆ రెండో సమీక్షను వాడుకున్నారు.

అయితే స్టార్లు ఎందుకిచ్చినట్టు?

ఇక్కడ ఎవరైనా అడగదగ్గ ప్రశ్న ఉంది. మార్కుకు విలువ లేకపోతే నలభై ఆరేళ్లు ఎందుకేశారు, బొటనవేలితో పేరు, డబ్బు ఎందుకు గడించారు? దీనికి ఆయన జవాబు 2004లో వచ్చిన ‘షావొలిన్ సాకర్’ సమీక్షలో ఉంది. ‘హెల్‌బాయ్ ఎలా ఉంది’ అని స్నేహితుణ్ని అడిగితే ‘మిస్టిక్ రివర్’తో పోల్చి చెప్పమని కాదు, ‘ది పనిషర్’తో పోల్చి చెప్పమని. ‘సూపర్‌మాన్’కు నాలుగైతే ‘హెల్‌బాయ్’కు మూడు, ‘పనిషర్’కు రెండు. అంటే ప్రతి సినిమానూ దాని జాతి సినిమాల వరసలోనే నిలబెట్టి కొలిచారు. ఇప్పుడు పై పట్టిక వెర్రిగా కనబడదు. పాముల సినిమాగా ‘అనకొండ’ భయపెట్టింది, నవ్వించింది, జాన్ వాయిట్ విలనీ పండింది, కాబట్టి మూడున్నర. ‘డై హార్డ్’కు రెండే ఎందుకంటే, బయట నిలబడి అడుగడుగునా తప్పు నిర్ణయాలు చేసే డిప్యూటీ పోలీస్ చీఫ్ పాత్ర కథను పనిగట్టుకుని చెడగొట్టిందని ఆయన ఫిర్యాదు. ‘డై హార్డ్’ అభిమానులు దీనికి ఒప్పుకోరు. ఒప్పుకోనక్కర్లేదు కూడా. కానీ ఈసారి సినిమా చూస్తే ఆ పోలీసాయన తెర మీదికి వచ్చినప్పుడల్లా ఈబర్ట్ అన్నది నిజమో కాదో తేల్చుకోవచ్చు. ‘స్క్రీన్‌ప్లేలో వేగం లోపించింది’ అనే సమీక్షను అలా తేల్చుకోలేం. పరీక్షకు నిలబడే కారణం చెప్పినవాడు తప్పు చెప్పినా మనకు ఉపయోగపడతాడు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైంది. కొన్నిచోట్ల ఈయన ఘోరంగా పొరబడ్డాడు కదా అంటారు. ప్రతిసారీ ముందుకొచ్చే పేరు డేవిడ్ లించ్ ‘బ్లూ వెల్వెట్’. 1986లో ఈబర్ట్ దానికి ఒక్క స్టారే ఇచ్చారు. ఇవాళ దాన్ని ఆ దశాబ్దపు గొప్ప సినిమాల్లో లెక్కేస్తారు. అప్పట్లో పక్కసీటులోని సిస్కెల్‌కే నచ్చింది. ఈబర్ట్ అభ్యంతరం సినిమా చేతకానితనం మీద కాదు, నైతికత మీద. ఇసబెల్లా రోసెలినీ నటిగా తనను పూర్తిగా బయటపెట్టుకుని, తెర మీద ఘోరమైన అవమానాలకు సిద్ధపడింది. అంత ఇచ్చిన మనిషి చుట్టూ దర్శకుడు చిన్న ఊళ్ల మీద వెటకారాలు అల్లి, ఆ జోకుల చాటున దాక్కున్నాడన్నది ఆయన వాదం. సినిమాను నెత్తిన పెట్టుకునేవాళ్లు కూడా ఈ ప్రశ్నను దాటుకు వెళ్లలేరు. నటి ఒంటి మీద, మనసు మీద మోపిన భారానికి సినిమా న్యాయం చేసిందా అన్నది ఇవాళ మన సినిమాల్లోని అత్యాచార దృశ్యాల గురించి కూడా అడగాల్సిన ప్రశ్నే. ఒక్క స్టారు అన్యాయమే కావచ్చు. దాని కింద ఉన్న కారణం మాత్రం ఆ సినిమాను పొగిడిన చాలా సమీక్షల కన్నా ఎక్కువ కాలం బతికింది.

మూడో అభ్యంతరం మరో మహా సమీక్షకురాలి నుంచే వస్తుంది. న్యూయార్కర్‌లో రాసిన పౌలీన్ కేల్ సినిమాను ఒక్కసారే చూస్తానని చెప్పుకునేవారు. మొదటిసారి కలిగిన స్పందనే నిజం, రెండోసారి చూసేది మనల్ని మనం సర్దుకోవడానికేనన్నది ఈ పద్ధతి వెనక ఉన్న నమ్మకం. ఈబర్ట్ దీనికి పూర్తిగా అవతలి ఒడ్డు. కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌లో ఏటా ఒక సినిమాను జనంతో కలిసి రోజుల తరబడి నడిపేవారు. హాల్లో ఎవరు ‘ఆపండి’ అన్నా అక్కడ ఆపి ఆ షాట్ గురించి మాట్లాడుకోవాలి. ఫెలీని ‘లా డోల్చె వీటా’ను తన వయసుకు కొలబద్దగా వాడుకున్నారు. కుర్రతనంలో కథానాయకుడు మార్చెల్లో జీవితం తాను కోరుకున్నదిలా కనిపించిందనీ, తర్వాత తాను చిక్కుకున్నదిలా, ఆపైన తాను దాటివచ్చినదిలా కనిపించిందనీ రాశారు. ఈ ఇద్దరిలో ఎవరిది ఒప్పు అంటే, ‘గ్రాడ్యుయేట్’ సమీక్షలు మధ్యస్తం చెబుతాయి. మొదటి చూపుకు కేల్ ఇచ్చిన గౌరవం న్యాయమైందే, 1967 నాటి పరిశీలన నిలబడింది గనక. తీర్పుకు మాత్రం అదే గౌరవం ఇవ్వలేం, ముప్పై ఏళ్లకు అది నిలబడలేదు గనక.

[బాక్స్] మిగిలిన ముక్కలు

మన సినిమాల్లో సత్యజిత్ రాయ్ అపూ చిత్రత్రయాన్నీ, ‘జల్సాఘర్’నూ ‘గొప్ప సినిమాలు’ మాలలో చేర్చారు. మీరా నాయర్ ‘సలామ్ బాంబే’కు నాలుగు స్టార్లు, ‘లగాన్’కు మూడున్నర.

ఆయన స్వయంగా స్క్రీన్‌ప్లే రాసిన సినిమా ‘బియాండ్ ద వ్యాలీ ఆఫ్ ద డాల్స్’ (1970). దర్శకుడు రస్ మేయర్. సమీక్షకులు చాలామంది దాన్ని ఉతికారేశారు.

1994 నాటి ‘నార్త్’కు సున్నా. ఆ సమీక్షలో ద్వేషించాను అన్న మాటను ఎన్నిసార్లు వాడారంటే, తర్వాత ఆయన తిట్టిన సినిమాల సంకలనానికి పేరే అందులోంచి పుట్టింది.

‘హూప్ డ్రీమ్స్’ (1994) డాక్యుమెంటరీని 1990లలో వచ్చిన అన్ని సినిమాల్లోకీ మిన్న అన్నారు. దాన్ని తీసిన స్టీవ్ జేమ్సే ఈబర్ట్ మీద 2014లో ‘లైఫ్ ఇట్‌సెల్ఫ్’ తీశారు.

మనకేం పని?

టికెట్ కొనేవాడికి ఇంత తర్కం అక్కర్లేదు, వెళ్లాలా వద్దా చెబితే చాలు అనే మాట మిగిలింది. నలుగురున్న కుటుంబం సినిమాకు వెళ్తే టికెట్లు, పాప్‌కార్న్, పార్కింగ్ కలిసి ఎంతవుతుందో తెలిసినవాళ్లెవరూ దీన్ని కొట్టిపారేయలేరు. ఆ అవసరానికి బొటనవేలు సరిపోతుంది. చిక్కెక్కడంటే, ఆ బొటనవేలు సమీక్షను మింగేయడం. ఈబర్ట్ మీద ఎంత ఇష్టమున్నా ఈ పాపంలో ఆయనకూ, సిస్కెల్‌కూ వాటా ఉందని చెప్పక తప్పదు. టీవీలో ఇద్దరూ వాదించుకున్నది జనం మరిచారు, వేళ్లు మాత్రం గుర్తుంచుకున్నారు. అదే దారి మన దగ్గరికి వచ్చేసరికి 2.75కీ 3కీ మధ్య పోరాటంగా తేలింది. అమెరికా ప్రీమియర్ నుంచి టాక్ బయల్దేరుతుంది, తెల్లవారేసరికి రేటింగ్ ఫోన్లోకి వచ్చేస్తుంది, మార్నింగ్ షో పడకముందే బొమ్మ హిట్టో ఫట్టో తేలిపోతుంది. రివ్యూలు సినిమాను చంపేస్తున్నాయని నిర్మాతల గోల. కేరళలో 2023లో ఈ తగువు హైకోర్టు దాకా వెళ్లింది. రెండు పక్షాలూ కొట్టుకునేది అంకె కోసమే. ఆ పావు మార్కు ఎక్కడ పోయిందో, ఏ సీను వల్ల పోయిందో ఎవరికీ పట్టదు.

నిజానికి ఈబర్ట్ 1997లో చేసిన పనిని తెలుగు ప్రేక్షకులు కొన్నేళ్లుగా రీ-రిలీజుల పేరిట చేస్తూనే ఉన్నారు. 2010లో ‘ఆరెంజ్’ దెబ్బతింది. పాటలు అప్పుడే హిట్టు. కానీ ప్రేమ కలకాలం ఒకేలా ఉండదని హీరోనే వాదించడం అప్పట్లో చాలామందికి మింగుడుపడలేదు. 2023లో రీ-రిలీజైతే హాళ్లు నిండాయి, ఆ వాదనకే ఈలలు పడ్డాయి. 2010లోనే దెబ్బతిన్న ‘ఖలేజా’ను ఆ తర్వాత టీవీ జనం సొంతం చేసుకుంది. సినిమాలు మారలేదు, చూసే తరం మారింది. ఇలాంటప్పుడు నాటి సమీక్షను బయటికి తీసి, అందులో ఏది నిలిచింది, ఏది తేలిపోయింది అని అదే సమీక్షకుడు రాయాలి. మన దగ్గర ఆ పని అరుదు. సిగ్గు వల్ల కాకపోవచ్చు. పాత సమీక్షలో కథాసంగ్రహం, ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్, చివర్లో ఓ అంకె తప్ప తిరిగి వాదించుకోదగ్గ వాక్యం లేకపోతే రెండో సమీక్ష దేనితో మొదలవుతుంది? అందుకని సమీక్షకుణ్ని ఎంచుకునేటప్పుడు అతని అభిప్రాయాలు మనతో కలిశాయా అని చూడటం వృథా. పదేళ్ల కింద రాసినదాన్ని తీసి, సినిమా పెట్టుకుని, అతను చూపించిన చోటు తెర మీద ఉందో లేదో చూడాలి. ఉంటే, అతని మార్కుతో పేచీ ఉన్నా సరే, ఆ మనిషిని చదువుతూ ఉండొచ్చు.